ఎస్‌ఎఫ్3బీ1 మ్యుటేషన్ అని రిపోర్టు వచ్చింది. ఆర్‌ఎన్‌ఏ ప్రోటీన్ల మీద పనిచేసే క్యాన్సర్ మందు ఉందా?

మీ ప్రశ్న చదువుతుంటే ఏడాదిన్నర కిందట నేను పడ్డ టెన్షన్ అంతా గుర్తొచ్చిందండి. మీ అమ్మగారికి రక్తం తక్కువగా ఉందని బోన్ మారో (మూలుగ) పరీక్ష చేయిస్తే ఎమ్‌డీఎస్, అంటే మూలుగ రక్తకణాల్ని సరిగ్గా తయారుచెయ్యలేని జబ్బు అన్నారు, జీన్ రిపోర్టులో ఎస్‌ఎఫ్3బీ1 అని వచ్చింది, నెట్‌లో చూస్తే అది ఆర్‌ఎన్‌ఏ బైండింగ్ ప్రోటీన్ అని ఉంది. ఇంతకీ ఇది క్యాన్సరేనా, ఆ ప్రోటీన్ మీద పనిచేసే మందు విదేశాల నుంచైనా తెప్పించుకోవచ్చా, పిల్లలకి వస్తుందా అని అడిగారు. మా నాన్నగారి రిపోర్టులో ఉన్నదీ అదే జీన్.

ముందు పొట్టిగా చెప్పేస్తాను. అవును, క్యాన్సర్ కిందే లెక్క, కానీ ఆ జబ్బుల్లో నెమ్మదైన రకం. పిల్లలకి రాదు. ఆ ప్రోటీన్‌ని నేరుగా సరిచేసే మందు ఈరోజుకి లేదు. అయినా ఆ పేరు తెలియడం వల్ల మాకు చాలా ఉపయోగం జరిగింది. అదెలాగో ఇక తీరిగ్గా రాస్తాను.

నేను డాక్టర్ని కాను. పర్లాకిమిడిలో ప్రెస్ నడుపుతాను. తెలుగులోనూ ఒడియాలోనూ పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, కరపత్రాలు వేస్తాం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి వాడుక మాటల్లోనే చెప్తాను. ప్రెస్ నాన్నగారిదే. నలభై ఏళ్లు సీసం అక్షరాలతో కంపోజింగ్ చేసిన మనిషి. ఎడమ చేతిలో స్టిక్, కుడి చేత్తో కేసులోంచి అక్షరాలు ఏరడం. చూడకుండానే ఏ గడిలో ఏ గుణింతం ఉందో వేళ్లకి తెలుసు. ఇప్పటికీ ఆ కేసులు మా షాపు అటక మీద ఉన్నాయి.

డెబ్బై దాటాక ఆయనకి ఆయాసం మొదలైంది. మా ఇంటి మెట్లు పన్నెండు. ఏడో మెట్టు దగ్గర ఆగి, గోడకి చెయ్యి ఆన్చి, ఏదో గుర్తొచ్చినట్టు నటించేవారు. హిమోగ్లోబిన్ 8. మాకు తెలిసిన డాక్టరు గారు ఐరన్ టానిక్ రాశారు. మూడు నెలలకి మళ్లీ చూస్తే 7.8. టానిక్ మార్చారు. మా వైపు సికిల్ సెల్ ఎక్కువ కదా, ఆ పరీక్ష కూడా చేయించారు, లేదు అన్నారు. మలేరియా చూశారు, లేదు. అలా రెండేళ్లు. ఇంట్లో అమ్మ మునగాకు పప్పు, బెల్లం, బీట్‌రూట్, పైగా వంట కూడా ఇనప మూకుడులోనే. చుట్టాల్లో ఎవరో చెప్పారని ఖర్జూరం నానబెట్టి పొద్దున్నే పెట్టేది. అంతా కలిపి రెండేళ్లలో ఎంత ఇనుము తిన్నారో లెక్కలేదు.

ఇక్కడ ఒక్క విషయం మీద ఆగుతాను. ఎందుకంటే ఇది నాకు అప్పుడే తెలిసి ఉంటే రెండేళ్లు మిగిలేవి. రక్త పరీక్ష కాగితంలో హిమోగ్లోబిన్ కింద ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది. ఎర్ర కణం సైజు అన్నమాట. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉంటుంది. ఇనుము చాలకపోతే కణాలు చిన్నవవుతాయి, ఆ అంకె 80 కిందకి పడుతుంది. నాన్నగారిది మొదటి కాగితం నుంచీ 106. అంటే కణాలు పెద్దవిగా ఉన్నాయి. బీ12 తక్కువైనా అలా ఉంటుంది, మద్యం అలవాటు ఉన్నా ఉంటుంది, మూలుగలో తేడా ఉన్నా ఉంటుంది. ఇనుము తక్కువైతే మాత్రం అలా ఉండదు. ఆ అంకె ప్రతి కాగితంలోనూ బోల్డ్ అక్షరాల్లో, పక్కన ఎక్కువ అని చెప్పే హెచ్ వేసి మరీ ఉంది. అచ్చుతప్పులు పట్టడం నా వృత్తి. నేనూ చూడలేదు, టానిక్ రాసినవారూ చూడలేదు.

చివరికి విశాఖపట్నం వెళ్లాం. మా ఊరి పొలిమేర దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. నడిచి వెళ్లేంత దూరంలో రాష్ట్రం మారిపోతుంది. కానీ ఆధార్ కార్డు మీద ఒడిశా అని ఉంటే ఆంధ్ర ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) రాదు. ఈ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, మీరూ రాయగడ నుంచే రాశారు కదా. ఏ ఆసుపత్రిలో ఏ కార్డు చెల్లుతుందో కౌంటర్‌లో ముందే అడిగి తేల్చుకోండి. అడ్మిట్ అయ్యాక అడిగితే మాకైనట్టే అవుతుంది.

అక్కడ హిమటాలజీ డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న, "మీరేం పని చేసేవారు?" అని. నాన్నగారు చెప్పారు. సీసం అనే మాట వినగానే ఆవిడ పెన్ను ఆపారు. వెంటనే రక్తంలో సీసం పరీక్ష రాశారు. బస్సులో వస్తూ నాన్నగారు కిటికీలోంచి బయటికే చూస్తూ, "సీసమే తినేసింది నన్ను. ఆ చేతుల్తోనే అన్నం తినేవాణ్ణి కదా" అన్నారు. నేనేం చెప్పను? చిన్నప్పుడు నేనూ ఆ అక్షరాలతో ఆడుకున్నవాణ్ణే.

సీసం మామూలుగానే ఉందని వచ్చింది. ఇక మిగిలింది బోన్ మారో. నడుం వెనక ఎముక దగ్గర మత్తు ఇచ్చి, సూదితో మూలుగ తీస్తారు. అమ్మగారికి అయిపోయింది కాబట్టి వర్ణించను. నేను చెప్పాలనుకున్నది స్లైడు గురించి. రిపోర్టు తీసుకోడానికి వెళ్లినప్పుడు, ఆ డాక్టరమ్మ నన్ను మైక్రోస్కోపులో చూడమన్నారు. గులాబీ రంగు నేల మీద గుండ్రటి కణాలు. కొన్ని కణాల్లో మధ్యనున్న కేంద్రకం చుట్టూ నీలం చుక్కలు, మెళ్లో పూసల దండ వేసినట్టు. "ఆ నీలం అంతా ఇనుమే" అన్నారు ఆవిడ. ఇనుముంటే నీలంగా మారే రంగు వేసి చూస్తారట. "మీ నాన్నగారికి ఇనుము లేక కాదు రక్తం లేనిది. ఉన్న ఇనుముని కణం వాడుకోలేకపోతోంది. అదంతా పక్కన పోగుపడుతోంది. టానిక్ ఈరోజే ఆపేయండి."

రెండేళ్లు మేం పోసినదంతా అక్కడ పూసల్లా కనిపిస్తోంది. ఆ క్షణం నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను. మునగాకు సంగతి అడిగితే, తిండి మానక్కర్లేదు, టానిక్కూ మాత్రలూ ఆపితే చాలు అన్నారు.

అలాంటి కణాల్ని రింగ్ సిడెరోబ్లాస్టులు అంటారు. సీసం, మద్యం, టీబీకి వాడే ఐసోనియాజిడ్, ఒంట్లో రాగి తక్కువవడం, వీటివల్ల కూడా అవి కనిపించవచ్చు. అందుకే ఆవిడ ముందు పని గురించి అడిగారు. ఇవేవీ కానప్పుడు ఎమ్‌డీఎస్ అనే మూలుగ జబ్బు. ఎమ్‌డీఎస్‌లో ఈ ఉంగరాలున్నవాళ్లని తీసుకుంటే నూటికి 80 మంది దాకా ఎస్‌ఎఫ్3బీ1లో మార్పు ఉంటుంది. ఈ ముడి బయటపడింది 2011లోనే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రక్త క్యాన్సర్ల పట్టికని సవరించినప్పుడు, ఎస్‌ఎఫ్3బీ1 మార్పున్న ఎమ్‌డీఎస్‌ని ప్రత్యేకమైన రకంగా పెట్టింది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఆర్‌ఎన్‌ఏ బైండింగ్ ప్రోటీన్. ఇది నాకు ప్రెస్ భాషలోనే అర్థమైంది. జీన్ అనేది బీరువాలో దాచిన అసలు ప్రతి. దాన్ని బయటికి తియ్యరు, నకలు తీస్తారు. ఆ నకలే ఆర్‌ఎన్‌ఏ. ఆ నకలు చేతికొచ్చిన దగ్గర్నుంచి దానిమీద పనిచేసేవాళ్లంతా ఈ ప్రోటీన్లు. ఒకరు కత్తిరిస్తారు, ఒకరు అతికిస్తారు, ఒకరు మోసుకెళ్తారు, ఒకరు ఎన్ని కాపీలు వెయ్యాలో చెప్తారు, ఒకరు పనైపోయాక చింపేస్తారు. మనిషి ఒంట్లో ఇలాంటి ప్రోటీన్లు 1500 పైనే ఉన్నాయని లెక్క.

కత్తిరించడం ఎందుకంటే, తొలి నకల్లో పనికిరాని పేరాలు చాలా ఉంటాయి. అవి తీసేసి మిగిలినవి అతికించాలి. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో మేం చేసిన పేస్టింగ్ లాంటిదే. బ్రోమైడ్ అనే ఫొటో కాగితం మీద మ్యాటర్ తీసుకుని, బ్లేడుతో కోసి, షీటు మీద అతికించి, అప్పుడు ప్లేటుకి పంపేవాళ్లం. బ్లేడు ఎక్కడ ఆనించాలో గుర్తు పెట్టే బృందంలో ఎస్‌ఎఫ్3బీ1 ఒకటి. దాంట్లో ఒక్క చోట తేడా వస్తే, ఎక్కువగా 700వ స్థానంలో వస్తుందట, అది కొన్ని నకళ్లలో అసలు చోటుకి పది నుంచి ముప్పై అక్షరాలు ముందే గుర్తు పెట్టేస్తుంది. దాంతో తీసెయ్యాల్సిన చెత్త తోక కొంచెం లోపలే ఉండిపోతుంది.

ఆ కాసిని అక్షరాలకే ఏమవుతుంది అనుకోకండి. కణం ఆర్‌ఎన్‌ఏని మూడేసి అక్షరాలుగా చదువుతుంది. మా కార్డుల్లో ఒక మాట ఉంటుంది, అన్నీ మూడక్షరాల పదాలే: తమరు తప్పక భోజనం చేయాలి. మొదటి పదం తర్వాత ఒక్క "గ" ఇరికించి మళ్లీ మూడేసి చదవండి: తమరు గతప్ప కభోజ నంచేయా లి. భోజనం పోయింది. అలాంటి నకలు కణం కంట పడితే చాలాసార్లు చింపి పారేస్తుంది, ప్రోటీన్ తయారు కాదు. ఏబీసీబీ7 అనే ఒక ప్రోటీన్ విషయంలో జరిగేది ఇదే. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఇనుము పోగుపడకుండా చూసే పనిలో దానికి భాగముంది. అది తగ్గిపోతే ఇనుము అక్కడే చిక్కుకుంటుంది. నేను చూసిన నీలం పూసలు అవే. ఒక అక్షరం తప్పుకీ, ఏడో మెట్టు దగ్గర ఆయాసానికీ మధ్య దారి మొత్తం నాకు ఆరోజు కనిపించింది.

ఇదంతా నాన్నగారికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ప్రూఫు చూసేవాడు లేడా లోపల?" అన్నారు. ఉన్నాడు, వాడే చింపేస్తున్నాడు అన్నాను. "వాడు మంచివాడే, తప్పు కంపోజిటర్‌ది" అని నవ్వారు. సీసం భయం ఆరోజుతో పోయింది.

పిల్లలకి వస్తుందా అన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది. ఈ తప్పు పుట్టుకతో వచ్చింది కాదు. వయసు మీద పడ్డాక మూలుగలో ఒక్క కణంలో పుట్టి, ఆ కణం సంతానం అక్కడే పెరుగుతుంది. అమ్మగారి మూలుగ దాటి మీకు రాదు. మీరు పరీక్ష చేయించుకోనక్కర్లేదు.

మిగతా క్యాన్సర్లలో ఈ ప్రోటీన్ల సంగతి కొంచెం చెప్తాను, మీరు నెట్‌లో చూసి కంగారు పడ్డ పేర్లు అవే అయ్యుంటాయి. హెచ్‌యూఆర్ అనేది నకలు చిరిగిపోకుండా కాపాడుతుంది. చాలా క్యాన్సర్ గడ్డల్లో అది ఎక్కువగా ఉండి, కణం పెరగమని చెప్పే సందేశాలు చావకుండా చూస్తుంది. ముసాషి అని ఇంకోటి, ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్లలోనూ పేగు క్యాన్సర్‌లోనూ దాని పేరు వినిపిస్తుంది. జపాన్‌లో రెండు కత్తులతో యుద్ధం చేసిన వీరుడి పేరు అది. ఆ జీన్ చెడిన ఈగకి ఒక వెంట్రుక ఉండాల్సిన చోట రెండు మొలిచాయని సరదాగా పెట్టారు. పిల్లల ఎముకల్లో వచ్చే యూయింగ్ సార్కోమాలో కథ వేరు. అక్కడ ఈడబ్ల్యూఎస్ అనే ఆర్‌ఎన్‌ఏ ప్రోటీన్ సగం విరిగి, డీఎన్‌ఏని పట్టుకునే వేరే ప్రోటీన్ సగంతో అతుక్కుంటుంది. ఆ వికృతమైన జంటే జబ్బు. అమ్మగారి జబ్బుకి వీటితో సంబంధం లేదు. ఎస్‌ఎఫ్3బీ1 లాగే కత్తిరింపు పనిలో ఉన్న ఎస్‌ఆర్‌ఎస్‌ఎఫ్2, యూ2ఏఎఫ్1 కూడా ఎమ్‌డీఎస్‌లో దెబ్బతింటాయి. వాటితో జబ్బు కాస్త దూకుడుగా ఉంటుంది. ఎస్‌ఎఫ్3బీ1 ఒక్కటే ఉంటే ల్యుకేమియాగా మారే ప్రమాదం తక్కువ. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఆ జీన్ పరీక్షకి పెట్టిన డబ్బు దండగ కాదనుకున్నాం.

మందుల దగ్గరికి వద్దాం. ఎస్‌ఎఫ్3బీ1 మీద నేరుగా గురిపెట్టినవి మనుషుల మీద పరీక్షించారు. ఈ7107 అనేదాన్ని కొందరికి చూపు దెబ్బతిన్నందువల్ల ఆపేశారు. తర్వాత హెచ్3బీ-8800 వచ్చింది. ఎమ్‌డీఎస్, ల్యుకేమియా ఉన్నవాళ్లకిచ్చిన తొలి దశ పరీక్షలో, కొందరికి కొంతకాలం రక్తం ఎక్కించే అవసరం తప్పింది గానీ, జబ్బు తగ్గిందని చెప్పే కొలతల ప్రకారం ఎవరికీ తగ్గలేదు. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. కత్తిరించే పని ఒంట్లో ప్రతి కణానికీ కావాలి. తప్పు చేసిన కంపోజిటర్‌ని ఆపబోతే ప్రెస్సే ఆగుతుంది. పైగా ఈ ప్రోటీన్లలో చాలావాటికి మందు అణువు దూరి కూర్చునే గుంట సరిగ్గా ఉండదు.

నాకు ఆశ కలిగించింది మాత్రం ఇండిసులామ్ అనే పాత మందు కథ. ఎన్నో ఏళ్ల కిందటే క్యాన్సర్లకి పరీక్షించారు, ఎలా పనిచేస్తుందో సరిగ్గా తెలియకుండానే. 2017లో తెలిసిందేమిటంటే, అది జిగురు లాంటిది. కణంలో చెత్త ఏరే యంత్రాంగానికి, ఆర్‌బీఎమ్39 అనే కత్తిరింపు ప్రోటీన్‌ని అంటించేస్తుంది. యంత్రాంగం దాన్ని చెత్త అనుకుని నలిపేస్తుంది. గుంట లేకపోయినా జిగురు అంటుతుంది కదా. ఆ దారిలో పని నడుస్తోంది. కానీ అది ప్రయోగశాలల మాట, మన మందుల చీటీ మాట కాదు. విదేశాల నుంచి ఎస్‌ఎఫ్3బీ1 మందు తెప్పిస్తామని ఎవరైనా వాట్సాప్‌లో చెప్తే ఒక్క రూపాయి కూడా పంపకండి. మాకూ ఒకడు తగిలాడు.

మరి ఏం వాడారు అంటారా. మొదట ఎర్ర కణాల్ని తయారుచెయ్యమని మూలుగకి చెప్పే హార్మోన్, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, వారానికొకటి. ఆ హార్మోన్ రక్తంలో ఎంతుందో ముందు చూస్తారు. 500 దాటి ఉంటే ఇంజెక్షన్ పెద్దగా పనిచెయ్యదట. నాన్నగారిది 140. ఎనిమిది నెలలు బాగా పనిచేసింది, హిమోగ్లోబిన్ 10 దాకా వచ్చింది, మెట్లు ఆగకుండా ఎక్కారు. తర్వాత పడిపోయింది. అప్పుడు డాక్టరమ్మ లస్‌పాటర్‌సెప్ట్ గురించి చెప్పారు. మూడు వారాలకోసారి చర్మం కింద ఇచ్చేది, ఈ ఉంగరాల రకానికే 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఎస్‌ఎఫ్3బీ1ని ముట్టుకోదు. ఎర్ర కణాలు ఎదగకుండా అడ్డుపడే సంకేతాల్ని పట్టి ఉంచుతుంది, అంతే. దాని పెద్ద పరీక్షలో కనీసం 8 వారాలు రక్తం ఎక్కించుకోకుండా ఉండగలిగినవాళ్లు మందు తీసుకున్న వర్గంలో 38 శాతం, మందు లేని ఉత్తి ఇంజెక్షన్ తీసుకున్న వర్గంలో 13 శాతం. బాగానే ఉంది. కానీ నెల ఖర్చు వినగానే నాన్నగారు లేచి చెప్పులేసుకున్నారు. "ఆ డబ్బుకి కొత్త మిషను వస్తుంది" అన్నారు. నేను వాదించాను, ఆయన వినలేదు. ఇప్పటికీ ఇంట్లో ఆ గొడవ తేలలేదు.

కాబట్టి పది నెలలుగా నెలకి రెండు బ్యాగులు రక్తం. ఇక్కడే మళ్లీ ఇనుము. ఒక్కో బ్యాగులో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మామూలు మనిషి ఒంట్లో మొత్తం ఉండేదే 3, 4 గ్రాములు. ఇరవై బ్యాగులతో అంతకంటే ఎక్కువే లోపలికి పోయింది, బయటికి పోయే దారి లేదు. ఒంట్లో ఇనుము నిల్వని చూపే ఫెరిటిన్ 1000 దాటాక, ఇనుముని బయటికి పంపే డెఫెరాసిరాక్స్ మొదలుపెట్టారు. పరగడుపున నీళ్లలో కలిపి తాగాలి. అమ్మ గాజు గ్లాసులో చెంచాతో తిప్పుతూ ఉంటుంది, సున్నపు నీళ్లలా తెల్లగా అవుతుంది. అడుగున మిగిలిన పొడి మీద ఇంకొంచెం నీళ్లు పోసి అది కూడా తాగిస్తుంది. తాగాక అరగంట ఏమీ పెట్టదు. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి నెలనెలా క్రియాటినిన్ అనే రక్త పరీక్ష చేయిస్తాం. అమ్మగారికి రక్తం ఎక్కిస్తుంటే ఏ తేదీన ఎన్ని బ్యాగులో ఒక నోటుబుక్కులో రాయండి. ఫెరిటిన్ ఎప్పుడు చూడాలో ఆ లెక్కే చెప్తుంది. మాది నాన్నగారే రాస్తారు, గీత గీసి, మార్జిన్ వదిలి, అచ్చు కొట్టినట్టు.

మీరు రిపోర్టు ఫొటో పెట్టారు గానీ రెండో పేజీ లేదు. దాంట్లో రెండు విషయాలు చూసి చెప్పండి. బ్లాస్టులు, అంటే ఎదగని లేత కణాలు, ఎంత శాతం అని ఉంది? 5 కంటే తక్కువైతే నేను చెప్పిన నెమ్మది రకమే. ఎస్‌ఎఫ్3బీ1 కింద ఇంకేదైనా జీన్ పేరు ఉందా, ముఖ్యంగా టీపీ53 గానీ ఆర్‌యూఎన్‌ఎక్స్1 గానీ? ఉంటే నేను పైన రాసిన భరోసా అంతా అమ్మగారికి వర్తించదు, డాక్టరు గారితో అది విడిగా మాట్లాడండి. ఇంకా ఐరన్ టానిక్ ఇస్తున్నట్టయితే, సీసా పట్టుకెళ్లి డాక్టరు గారికే చూపించి, ఇది ఎందుకు అని అడగండి.